పదకొండు గంటల ఫోను

శశిరేఖ గారు ఫోను చెయ్యకపోయినా, ఆవిడ ఫోను చేశారని చెప్పడం హైమవతి ఉద్యోగంలో భాగం కాదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో అలాంటిదేమీ రాసిలేదు. డైరెక్టరు గారి ఉత్తరాలు టైపు చెయ్యడం, ఆయన్ను కలవడానికి వచ్చేవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, మీటింగుల్లో మాట్లాడిందంతా రాసుకోవడం, మందుల కంపెనీల కుర్రాళ్లను నొప్పించకుండా మెట్లు దించడం, ఇవీ పర్సనల్ అసిస్టెంటు పనులు. మిగతాది ఆమె తనంతట తాను నెత్తికెత్తుకున్నది.

రాజమండ్రి దానవాయిపేటలో డాక్టర్ ఈరంకి సీతాపతి గారి నరాల ఆసుపత్రి ఎక్కడంటే చెప్పని ఆటో డ్రైవరు లేడు. మూడంతస్తులు, ముప్పై మంచాలు. రెండో అంతస్తులో డైరెక్టరు గది. దాని ముందు అద్దాల గదిలో హైమవతి. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఆమె ఎడమచేతి గడియారం ముఖం లోపలివైపుకి ఉంటుంది. ఎదురుగా ఉన్న పెద్దమనిషి కబుర్లలో పడినప్పుడు, ఫైలు పట్టుకున్నట్టే పట్టుకుని టైము చూసుకోవాలంటే అదొక్కటే దారి. టైము చూశామని అవతలివాళ్లకి తెలిసిపోతే ఇంక పీఏ ఎందుకు అనేది ఆమె.

ఫోను సంగతి మొదలై ఇరవయ్యేళ్లు. సీతాపతి గారికి బీపీ. ఊరందరికీ మందులు రాసే మనిషి తన మాత్ర తను మింగరు. ఒకరోజు హైమవతి ఉండబట్టలేక, "సార్, మాత్ర వేసుకోలేదండి మీరు" అంది. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "నువ్వు నా కాగితాలు చూసుకో హైమవతీ. నా ఒళ్లు చూడక్కర్లేదు" అన్నారు. ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు సరిగ్గా పదకొండింటికి, మోగని ఫోను ఒక చేత్తో, మాత్రల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని లోపలికెళ్లి, "అమ్మగారు ఫోన్ చేశారండి. మాత్ర వేసుకోమన్నారు" అంది.

ఆయన ముఖం విప్పారింది. "శశి చేసిందా?" అని భార్య పేరు పలికి, మాత్ర అందుకుని చిన్నపిల్లాడిలా మింగేశారు.

ఆ నవ్వు చూసి హైమవతికి సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. కలుక్కుమంది. తను అంటే కసురుకున్న మాటే, ఆవిడ పేరు తగిలించగానే అమృతం అయిపోయింది.

అయినా మానలేదు. రోజూ పదకొండింటికి అమ్మగారు ఫోన్ చేస్తూనే ఉన్నారు. వానొచ్చేలా ఉంది గొడుగు మర్చిపోవద్దన్నారు. రాత్రి సరిగ్గా పడుకోలేదు గనక మధ్యాహ్నం ఓ పావుగంట నడుం వాల్చమన్నారు. కొత్త నర్సు మీద కేకలేశారట, పాపం ఆ పిల్లని పిలిచి ఓ మంచిమాట చెప్పమన్నారు. ఆ వేళకి నిజం శశిరేఖ గారు మహిళా కాలేజీలో చరిత్ర పాఠం చెబుతూ ఉంటారు. సీతాపతి గారు ఇంటికెళ్లి ఆ ఊసెత్తే మనిషి కాదు. ఎత్తకుండా సాయంత్రం మల్లెపూలు పట్టుకెళ్లేవారు. ఆ పూలు తెప్పించి ఆకులో కట్టించి కారులో పెట్టించే పనీ హైమవతిదే. చాకిరీ తనది, పూలు ఆవిడవి. కారు గేటు దాటేదాకా ఆ పొట్లం కేసి చూస్తూ నిలబడేది.

ఇంటికొచ్చి ఈ ఏడుపంతా భర్త భాస్కరం దగ్గర వెళ్లబోసుకునేది. ఆయన కాగితం మిల్లులో పనిచేసి రిటైరై, వంటింటికి ప్రమోషన్ తెచ్చుకున్నాడు. "మీ సారు గొడుగు గుర్తుంది, బాగుంది. నా కళ్లజోడెక్కడ పెట్టావో అది చెప్పు ముందు" అనేవాడు వంకాయలు తరుగుతూ.

"ఓ పక్క నా కడుపు మండిపోతుంటే మీకు వేళాకోళంగా ఉందండి."

"ఆపేయొచ్చుగా మరి. రేపు ఫోను రాలేదని చెప్పు."

"అమ్మో! మాత్ర వేసుకోరు" అనేది, ఆ మాటతో ఆ పూట గొడవ అయిపోయేది.

మూడో అంతస్తులో ప్రయోగశాల పెట్టి రెండేళ్లయింది. కడియం నర్సరీలో మామిడి అంటు కట్టడం చూస్తూ నిలబడ్డప్పుడు సీతాపతి గారికి తట్టిన ఆలోచన అది. ఇద్దరు కలిసి గడిపిన ఘడియ ఇద్దరి బుర్రల్లోనూ ఉంటుంది. ఒకరిలో అది ఎండిపోతే రెండోవాళ్ల కొమ్మ కోసి తెచ్చి అతికించలేమా? బెంగళూరు నుంచి వచ్చిన డాక్టర్ ఎస్తేరు ఆ ఆలోచనకి యంత్రం కట్టింది. రెండు కుర్చీలు, రెండు టోపీలు, మధ్యలో ఒక తెర. దానికి 'అంటు' అనే పేరే స్థిరపడింది.

మొదట కూర్చున్నది ధవళేశ్వరం నుంచి వచ్చిన ఒక హెడ్మాస్టరు గారు. భార్య పేరు కూడా మర్చిపోయిన మనిషి. పక్క కుర్చీలో ఆ భార్య. గంట తర్వాత ఆయన లేచి, "మన పెళ్లిలో నీ జడకుప్పెలు ఊడి పడితే నేనే వెతికిచ్చాను కదే కామేశ్వరీ" అని భోరుమన్నారు. ఆవిడ ఆయన కన్నీళ్లు తుడిచి, ఎస్తేరు వైపు తిరిగి, "మా పెళ్లి ఏ ఊళ్లో అయిందమ్మా?" అని అడిగింది. అంటు కట్టాలంటే కొమ్మ కోయాలి. కోసిన చెట్టుకి ఆ కొమ్మ ఇంక ఉండదు. ఆ రిపోర్టు టైపు చేస్తూ హైమవతి రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగొచ్చింది.

సీతాపతి గారే అప్పుడు కొన్ని నియమాలు చెప్పి ఆమెతో రాయించారు. అంటు అతుక్కునేదాకా, అంటే నలభై రోజులు, కొమ్మ ఎవరిచ్చారో రోగికి చెప్పకూడదు. ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్లకీ చెప్పకూడదు. కదిపితే ఊడిపోతుంది.

ఆ మరుసటి వేసవిలో ఆయనే ఒకే ఉత్తరం మూడుసార్లు చెప్పి రాయించారు. హైమవతి మూడుసార్లూ రాసుకుంది. పేషెంట్ల పేర్లు చీటీల మీద రాసి ఆయన జేబులో పెట్టడం మొదలుపెట్టింది. ఎడమ భుజం వెనక అరడుగు దూరంలో నిలబడి వచ్చినవాళ్ల పేరు, ఊరు, జబ్బు చెవిలో చెప్పేది. ఆరు నెలలు ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకొచ్చింది. ఒకరోజు ఒక పేషెంటు చీటీ మీద ఆయన, పేషెంటు పేరుండాల్సిన చోట, చనిపోయిన తన తండ్రి పేరు రాశారు. ఆ చీటీ తీసుకుని ఆమె తిన్నగా మూడో అంతస్తుకెళ్లి ఎస్తేరు బల్ల మీద పెట్టింది.

ఎస్తేరు ఆయన్ను కూర్చోబెట్టి చూసింది. తెర మీద అంతా బూడిదరంగు. ఒక్కచోట మాత్రం పచ్చటి మచ్చ.

"రోజూ చేసే పని బుర్రలో ఒకటే కొమ్మగా పెరుగుతుంది" అంది ఎస్తేరు. "ఇదేదో రోజూ పదకొండింటికి జరిగేది. సర్‌కి మేడం ఫోన్ చేసేవారట కదా? మాత్ర వేసుకోమని. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటేనండి. ఇదీ సన్నబడుతోంది. దీన్ని అంటు కట్టి బలం చేస్తే మిగతావి దీని ఆసరాతో నిలబడతాయి. ఇది పోతే ఆరు నెలల్లో ఎవరినీ గుర్తుపట్టరు."

నోట్సు రాసుకుంటున్న హైమవతి పెన్సిలు ఆగిపోయింది.

"మేడంని పిలిపించండి హైమవతి గారూ. ఫోన్లు చేసింది ఆవిడే కదా."

"ఆయ్, పిలిపిస్తానండి" అంది హైమవతి.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. నోరు పెగలక కాదు. ఆవిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో చూడాలనిపించింది. ఇరవయ్యేళ్లుగా అప్పనంగా పూలు పెట్టుకున్న మనిషి, ఒక్కసారి, అందరి ముందూ, తన దగ్గర ఏమీ లేదని తెలుసుకోవాలి.

శశిరేఖ గారు గంజి పెట్టిన వెంకటగిరి చీరలో వచ్చి కూర్చున్నారు. ఎస్తేరు టోపీ పెట్టి, పదకొండు గంటల ఫోను తలుచుకోమంది. తెర మీద ఏమీ రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుని నుదురు నొక్కుకున్నారు. "ఏదీ తట్టడం లేదమ్మా. ఆయన చెబుతున్నారంటే చేసే ఉంటాను. రోజూ చేసిన పని ఎలా మర్చిపోతాను?"

మూలన స్టూలు మీద నోట్సు రాసుకుంటున్న హైమవతికి ఆ క్షణం చల్లగా ఉంది. దాచుకోవాల్సిన పనిలేదు, చల్లగానే ఉంది. 'దాత వద్ద జ్ఞాపకం లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

ఆ చల్లదనం వారం రోజులుంది. ఎనిమిదో రోజు శశిరేఖ గారు చెప్పాపెట్టకుండా అద్దాల గదిలోకి వచ్చి కూర్చున్నారు. చేతిసంచిలోంచి చిన్న నోటు పుస్తకం తీశారు. దాన్నిండా పేర్లు.

"నా దగ్గర చదువుకున్న పిల్లల పేర్లు హైమా. రోజూ పొద్దున్నే రాసుకుంటున్నాను. నిన్న ఒక పేరు రాలేదు" ఆవిడ ఒక ఖాళీ గీత మీద వేలు పెట్టారు. "నాక్కూడా మొదలైంది. ఇరవయ్యేళ్ల సంగతి ఒక్క ముక్క లేకుండా తుడిచిపెట్టుకుపోయిందంటే ఆయనకన్నా నాకే ముదిరింది. ఎస్తేరుకి చెప్పకు. ఆయన్ను చూసుకోవడానికి నేనున్నానని అందరూ అనుకుంటున్నారు."

చీర మడత నలిగి ఉంది. గంజి కూడా లేదు. హైమవతి ఆ పుస్తకం మూసి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీకేమీ రాలేదండి అమ్మగారూ. మీరెప్పుడూ ఫోను చెయ్యలేదు. చేశారని నేనే చెప్పేదాన్ని."

మొదట శశిరేఖ గారి ముఖంలో ప్రాణం లేచొచ్చింది. తర్వాత మెల్లగా ఇంకోటి వచ్చింది.

"రోజూనా?"

"రోజూనండి. ఆదివారాలు తప్ప."

"ఏమని?"

హైమవతి చెప్పింది. మాత్ర, గొడుగు, పావుగంట నిద్ర, నర్సు పిల్ల. గుర్తొచ్చినవన్నీ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి.

"అయితే ఆ మల్లెపూలు?"

"నేనే తెప్పించేదాన్నండి. సారే చెప్పేవారు."

"అది కాదు నేనడిగేది! ఆయన అవి నాకెందుకు తెచ్చారు? నేను చేసినదానికా, నువ్వు చేసినదానికా?" శశిరేఖ గారు లేచి నిలబడ్డారు. "ఇరవయ్యేళ్ల కిందట పలకరించడానికే తీరిక లేని మనిషి ఉన్నట్టుండి మెత్తబడితే, నా అదృష్టం అనుకున్నాను. నా కాపురంలో నా పేరు పెట్టుకుని నువ్వు తిరిగావన్నమాట. ఆయన ప్రేమగా చూసిందంతా నన్నా, నిన్నా? ఏది నాదో ఏది నీదో ఇప్పుడు నేనెలా విడదీసుకోను?"

"మీకేం తక్కువైందండి?" హైమవతి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పూలు మీరే పెట్టుకున్నారు. ఆ నవ్వు మీకే. ఇరవయ్యేళ్లు ఆయన 'శశి చేసిందా' అని అడిగారు గానీ, ఒక్కరోజైనా 'నువ్వు కాఫీ తాగావా హైమవతీ' అనలేదు. మీరంటే నాకు కుళ్లండి. ఎంత కుళ్లంటే, ఆ కుర్చీలో మీరు తెల్లమొహం వేస్తే వారం రోజులు నోరు మూసుక్కూర్చున్నాను. మీరు భయపడతారని తెలిసీ."

ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. బయట వరసలో కూర్చున్న పేషెంట్లు అద్దంలోంచి వింతగా చూస్తున్నారు. అలవాటు కొద్దీ హైమవతే లేచి తెర లాగింది.

శశిరేఖ గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. "ఆ కొమ్మ నీ దగ్గరుంది. ఇస్తావా?"

"ఇస్తే ఆయనకి తెలిసిపోద్దండి. ఫోను మోగలేదని, మీరు చెయ్యలేదని నా కళ్లతోనే చూస్తారు."

"తెలియనీ. ఆయన మిగిలితే చాలు నాకు. తర్వాత పోట్లాడతారో ఏం చేస్తారో, పోట్లాడటానికైనా మనిషుండాలిగా." ఆవిడ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "నాక్కూడా నువ్వంటే కుళ్లే ఇప్పుడు. అది పోతుందని మాత్రం చెప్పలేను."

ఇస్తానని హైమవతి అప్పటికప్పుడు అనలేదు. సాయంత్రం ఇంటికెళ్లి భాస్కరం ముందు కూలబడింది.

"నా దగ్గరున్నది అదొక్కటేనండి. పేరు ఆవిడదైనా పని నాదని నాకు తెలుసు కదా, ఆ తెలియడం ఒక్కటే నాది. అదిచ్చేస్తే ఇరవై రెండేళ్లు ఆ గదిలో నేనేం చేసినట్టండి? ఉత్తరాలు టైపు చేశాను, అంతే."

భాస్కరం చేతిలో గరిట పక్కన పెట్టాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "నాకు తెలుసుగా. ఇరవయ్యేళ్లుగా ఇదే కథ వింటన్నాను. నువ్వు మర్చిపోతే నేను చెబుతాను."

"వద్దు. చెప్పొద్దు. చెబితే మళ్లీ ఆవిడ మీద ఏడుపు మొదలవుద్ది నాకు. అదైనా వదిలిపోనీండి."

మర్నాడు తన అంగీకారపత్రం తనే టైపు చేసుకుంది. అక్షరదోషాలు రెండుసార్లు సరిచూసి సంతకం పెట్టింది. కుర్చీలో కూర్చుని టోపీ పెట్టించుకుని కళ్లు మూసుకోగానే తెర మీద పచ్చదనం విరగబూసింది. ఎస్తేరు ఒక్కసారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పక్క కుర్చీలో మత్తులో ఉన్న సీతాపతి గారి వేళ్లు, మాత్ర అందుకుంటున్నట్టు కదిలాయి.

మూడు వారాలు తిరిగేసరికి సీతాపతి గారు కోలుకున్నారు. పాత మనిషి పూర్తిగా రాలేదు గానీ, ఉత్తరం ఒకేసారి చెబుతున్నారు. తండ్రి పోయారని గుర్తుంది. ఆ మధ్యలో శశిరేఖ గారు కూడా ఏవో రెండు కొమ్మలు ఇచ్చారు. తనూ ఏదో ఇచ్చానని హైమవతికి తెలుసు. కొమ్మ తెగినప్పుడు దాని ఆకుల్లా, ఆ ఫోను గురించి ఎవరితో ఏం మాట్లాడిందో అదీ రాలిపోయింది. ఫైలుకి సీలు వేసి ఉంది. ఆఫీసు సంగతులేవో అయ్యుంటాయి, పేషెంట్ల పేర్లూ ఊళ్లూ, పీఏ దగ్గర ఇంకేముంటాయి అనుకుంది. ఇంట్లో భాస్కరాన్ని అడిగితే, ఉల్లిపాయలు తరుగుతున్నానని ముఖం తిప్పుకున్నాడు. తీరా చూస్తే ఆ పూట చేసింది చారు.

ఒక సోమవారం పదిన్నరకి సీతాపతి గారు ఆమెను లోపలికి పిలిచి తలుపు వెయ్యమన్నారు.

"నువ్వు నాకో మనిషిని వెతికిపెట్టాలి హైమవతీ."

"చెప్పండి సార్" అంటూ నోటు పుస్తకం తెరిచింది.

"రోజూ పదకొండింటికి శశి ఫోన్ చేసేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. ఎవరో ఒకావిడ మోగని ఫోను పట్టుకుని వచ్చి, శశి పేరు చెప్పి నాతో మాత్ర మింగించేది. ఆ కబురు తెచ్చిందెవరో నాకు గుర్తే లేదు, శశి పేరొక్కటే మిగిలింది. ఇప్పుడు అది నాకు ఆవిడ కళ్లలోంచి కనిపిస్తోంది. నేను కుర్చీలో కూర్చుని ఉంటాను, నా బట్టతల కూడా కనిపిస్తుంది" ఆయన నవ్వబోయి ఆగారు. "ఆవిడ ముఖం మాత్రం కనపడదు. ఎవరి ముఖం వాళ్లకి కనపడదు కదా. గొంతూ అంతే, లోపలినుంచి వింటే ఎవరిదో పోల్చుకోలేం. చెయ్యి ఒక్కటే, అదీ మసగ్గా. శశినడిగితే నీ నియమం నువ్వే తప్పుతావా అంటోంది."

"అమ్మగారికి కోపం రాలేదాండి?"

"వచ్చింది. నాకూ వచ్చింది. మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఇవాళ్టినుంచి నిజంగానే ఫోన్ చేస్తానంది." ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "కానీ ఆవిడ లోపల ఎంత ఉండేదో తెలుసా నీకు? నేను మాత్ర మింగితే ఆవిడ గొంతు దిగినట్టుండేది. నేను శశి పేరు ఎత్తితే లోపల భగ్గుమనేది. అయినా మర్నాడు మళ్లీ వచ్చేది. నన్ను అంతలా చూసుకున్న మనిషి ఈ కప్పు కిందే ఉండి, ఒక్కసారైనా నేను తలెత్తి చూడలేదు."

హైమవతి పెన్సిలు ముక్కు విరిగింది.

ఎవరది? ఈ గదిలోకి రావాలంటే తన అద్దాల గది దాటే రావాలి. తన కళ్లుగప్పి, రోజూ పదకొండింటికి, తన ఫోనే పట్టుకుని! పాత హెడ్ నర్సా? ఫిజియోథెరపీ పిల్లా? ఇరవై రెండేళ్లు ఎడమ భుజం వెనక అరడుగు దూరంలో నిలబడింది తను. ఆయన గురించి ఆయనకన్నా ఎక్కువ తెలుసనుకుంది. ఇంత పని చెయ్యాలని తనకెందుకు తోచలేదు? తోచిన ఆ మహాతల్లి కోసం ఆయన కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. తన కోసం ఎప్పుడైనా చెమ్మగిల్లాయా? లోపల ఏదో పాత మంట, ఎక్కడిదో తెలియని మంట, భగ్గున లేచింది.

"జాబితా తయారు చేస్తానండి" అంది పొడిగా. గదిలోకొచ్చి కొత్త పెన్సిలు చెక్కి, ఇరవయ్యేళ్లలో ఈ అంతస్తులో పనిచేసిన ఆడవాళ్లందరి పేర్లూ రాయడం మొదలుపెట్టింది. పదహారు పేర్లయ్యాయి. తన పేరు రాయాలని తట్టనే లేదు.

గోడ గడియారం పదకొండు చూపించింది.

హైమవతి చెయ్యి దానంతటది పెన్సిలు వదిలేసింది. సొరుగు లాగి మాత్రల డబ్బా తీసింది. ఇంకో చెయ్యి ఫోను అందుకుంది. కాళ్లు లేచాయి. బుర్రలో కొమ్మ తెగినా చేతులకి వాటి జ్ఞాపకం వేరే ఉంటుందని ఎస్తేరు ఎప్పుడో చెబితే టైపు చేసింది తనే, ఇప్పుడది గుర్తు రాలేదు. తలుపు తోసుకుని లోపలికెళ్లి, మాత్ర అరచేతిలో పెట్టి ఆయన ముందుకి చాపింది.

"అమ్మగారు..." అని ఆగిపోయింది. అమ్మగారేమిటి? ఫోను మోగనే లేదు. తనిక్కడికి ఎందుకొచ్చినట్టు?

సీతాపతి గారు చాచిన ఆ చేతికేసి చూస్తున్నారు. మణికట్టు మీద, లోపలివైపుకి తిరిగిన గడియారం కేసి. చూసి, చూసి, ఆయన మెల్లగా తలెత్తారు. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ చూడనట్టు ఆమె ముఖంలోకి చూశారు.

అప్పుడు మోగింది ఫోను. హైమవతి ఉలిక్కిపడి ఎత్తింది.

"హైమా, నేను శశిరేఖని. ఆయన మాత్ర వేసుకున్నారా?"

"అమ్మగారు ఫోన్ చేశారండి" అంది హైమవతి తేరుకుని. "మాత్ర వేసుకోమన్నారు."

ఆయన మాత్ర అందుకున్నారు. మింగారు. చెంపల మీదికి జారిన నీళ్లు తుడుచుకోలేదు.

"జాబితా అక్కర్లేదు హైమవతీ" అన్నారు. "ఆవిడ దొరికింది."

"ఎవరండీ?"

ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. నలభై రోజులకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. చెప్పకూడదని రాయించింది ఆయనే. "నువ్వు కాఫీ తాగావా?" అని మాత్రం అడిగారు.

"తాగానండి" అంది హైమవతి. ఇన్నేళ్లకి కాఫీ సంగతి అడిగారంటే, మాట తప్పించడానికే.

తన గదిలోకొచ్చి పదహారు పేర్ల మీదా అడ్డంగా గీత కొట్టింది. అద్దంలోంచి చూస్తే ఆయన ఇంకా ఇటే చూస్తున్నారు, ఆవిడెవరినో తలుచుకుంటూ కాబోలు. అంత నమ్మకంగా పనిచేసిన తనకు కూడా పేరు చెప్పడానికి మనసొప్పలేదు, అంత అపురూపం ఆవిడ. హైమవతికి ఏడుపొచ్చింది. కాగితం ఉండచుట్టి బుట్టలో గిరాటేసి, ముఖమైనా తెలియని ఆ ఆడమనిషి మీద కడుపు మండిపోతుండగా, మధ్యాహ్నం ఉత్తరాలు టైపు చెయ్యడానికి కూర్చుంది.